అంచు కుంగిన అద్దం

"ఏం చదివావని నువ్వు దీన్ని చేశానంటున్నావు?"

ముప్పై ఒక్కేళ్ల కిందట, కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో, ఫిజిక్సు లెక్చరరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన వచ్చింది తన కళ్లజోడు కోసం. చూపించడానికి ఆమె ఇంటినుంచి తెచ్చి మూలన నిలబెట్టిన నల్లటి టెలిస్కోపు గొట్టాన్ని చూసి ఆగాడు. దుకాణంలో అందరూ అద్దాలక్క అని పిలిచే ఆమె, చేతిలోని అద్దాన్ని సాన మీంచి తీయకుండానే జవాబు చెప్పింది.

"ఎనిమిదో క్లాసు సార్. ఆ తర్వాత పన్నెండేళ్లుగా అద్దాలు అరగదీస్తున్నా."

పట్టుదల ఉంటే సాధించలేనిది లేదని చెప్పడానికి ఈ కథ బాగా పనికొస్తుంది. అలా చెప్పేవాళ్లెవరూ అద్దం అరగదీసి ఉండరు. ఆమె దగ్గరున్నది పనితనం. పాత ఓడ కిటికీలోంచి ఊడదీసిన రెండు మందపాటి గాజు బిళ్లల్ని తూకానికి కొంది. ఒకదాన్ని పీపా మీద బిగించి, గరుకుపొడి తడిపి చల్లి, రెండోదాన్ని దానిమీద ముందుకీ వెనక్కీ తోస్తూ పీపా చుట్టూ తిరిగింది. అలా తోయగా తోయగా పైబిళ్ల గుంటపడుతుంది; దానికి వెండి పూత వేస్తే టెలిస్కోపు అద్దం. రోజూ పని దిగాక గంటన్నర చొప్పున, అన్నగారింటి వరండాలో, పద్నాలుగు నెలలు పట్టింది.

"గానుగెద్దు తిరిగితే నూనైనా వస్తుందమ్మాయ్. నువ్వు తిరిగితే ఏమొస్తుంది?" అంది అన్న భార్య.

"చంద్రుడొస్తాడు."

"వస్తే కూర్చోబెట్టు, టీ ఇస్తాను."

చంద్రుడు వచ్చాడు. మొదట చూసింది వదినే. "మొహం నిండా గుంటలే. ఈ మొహానికా అంత పేరు?" అని పెదవి విరిచి, పక్కకు జరక్కుండా ఇంకో పావుగంట చూసింది.

లెక్చరరు దాన్ని కాలేజీ ప్రదర్శనకని ఒక్కరోజుకు అడిగి తీసుకెళ్లాడు. వారం తర్వాత వెళ్తే పరీక్షలయ్యాక అన్నాడు. పరీక్షలయ్యాక వెళ్తే సెలవులయ్యాక అన్నాడు. మరుసటేడు అది ల్యాబులో గాజు బీరువాలో కనిపించింది. కింద అట్టమీద లెక్చరరు పేరు, "స్వయంగా నిర్మించినది" అన్న మాట. ఆమె నిలదీసింది.

"కాలేజీలో ఉంటే నలుగురికీ ఉపయోగం కదా. మరీ అంత స్వార్థమైతే ఎలాగమ్మా?" అన్నాడాయన.

తాళం వేసిన బీరువాలోని టెలిస్కోపు నలుగురికీ ఎలా ఉపయోగపడుతుందో ఏ ఫిజిక్సు పుస్తకమూ చెప్పదు.

అప్పట్నుంచి ఏటా ఒకసారి, మధ్యాహ్నం భోజన విరామంలో, ఆమె కాలేజీకి వెళ్లి అడిగింది. గుమాస్తా ఆమెకు "వార్షికోత్సవం" అని పేరు పెట్టాడు. లెక్చరరు రిటైరయ్యాడు, పోయాడు.

"పోయినాయన మీద ఇంకా ఎందుకమ్మా?" అన్నాడు గుమాస్తా.

"ఆయన పోయాడు. గొట్టం ఉందిగా."

ఈ ఏడు కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు ఆమెను కూర్చోమని, "మీరే చేశారనడానికి రుజువేముందండీ?" అని అడిగింది.

"దాన్లో తప్పుంది మేడమ్. చివరి వారం తొందరపడి నొక్కి తోశాను. చుట్టూ వేలెడు వెడల్పున అంచు కుంగి బొమ్మ మసకబారింది. ఆ మేరకు నల్ల కాగితం కత్తిరించి అంటించేశాను. కెమెరా ఫిల్ముకు చుట్టి వచ్చే కాగితం. అడుగున మూడు మరలు విప్పించండి."

అటెండరు విప్పాడు. కాగితం వేలెడు వెడల్పునే ఉంది. గొప్పలు ఎవరైనా చెప్పుకుంటారు. తప్పు ఎక్కడుందో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ప్రిన్సిపాలు మంచి మనిషి. చిక్కు అక్కడే వచ్చింది. "సభ పెట్టి మీకు బహూకరిస్తాం. సారు ప్రోత్సాహం గురించి మీరు నాలుగు మాటలు చెబితే నిండుగా ఉంటుంది" అంది.

"నాది నాకు బహుమతేంటి మేడమ్? ఆయన ప్రోత్సహించలేదు, పట్టుకుపోయాడు."

"పెద్దాయన కదమ్మా, సర్దుకుపోవాలి" అన్నాడు గుమాస్తా.

"సర్దుకుపోయేదాన్నయితే ఇన్నేళ్లు మీ మెట్లెక్కేదాన్నా?"

సభ లేదు. రసీదు మాత్రం వచ్చింది: "బహుమతిగా స్వీకరించాను". ఆమె "బహుమతిగా" కొట్టేసి పైన "తిరిగి" అని రాసింది.

"కొట్టివేతలుంటే చెల్లదమ్మా" అన్నాడు గుమాస్తా.

"అయితే మళ్లీ టైపు చెయ్యండి. కూర్చుంటాను, నాకు అలవాటే."

అతను మళ్లీ టైపు చేశాడు. "తిరిగి స్వీకరించాను" అన్నచోట ఆమె సంతకం పెట్టింది. బీరువాలోని అట్టను తన కళ్లముందే తీయించి, గొట్టాన్ని భుజాన వేసుకుని, మూడు వీధులు నడిచి ఇంటికి తెచ్చుకుంది.

చెమ్మ పట్టిన బీరువాలో అద్దం మీది వెండి పూత నల్లబడిపోయింది. మళ్లీ పూత వేయించడానికి ఆమె నెల జీతంలో సగం అయింది. బిల్లు కాలేజీకి పంపింది. అలాంటి ఖర్చుకు తమ దగ్గర పద్దు లేదని గుమాస్తా జవాబు రాశాడు. ఆమె ఇంకో బిల్లు పంపింది. ఆ డబ్బు ఇంకా రాలేదు.