మామ చేతి మీది మచ్చలు

పందొమ్మిదివందల యాభైలలో ఎర్రగుంట్ల రైల్వే స్టేషన్ దగ్గర మా మేనమామ పులిపిర్లు కాల్చేవాడు. మందూ మాకూ ఏమీ లేదు, ఒక భూతద్దం, ఎండ. మా సీమలో ఎండకేం కరువు?

ఎవరొచ్చి కూర్చున్నా ముందు తన ఎడమచేతి మీదే ఎండను చుక్కగా పోగుచేసేవాడు. చర్మం చుర్రుమన్నాక, "ఇప్పుడు పదునుండాది, కదలొద్దప్పా" అని అద్దాన్ని అవతలివాడి పులిపిరి మీదికి తిప్పేవాడు. ఆ చెయ్యంతా నల్లమచ్చలే.

"ముందు కాగితం మీద చూసుకోరాదేమిరా?" అని మా అమ్మ విసుక్కునేది.

"కాగితానికి నొప్పి యాడ తెలుస్తాదక్కా?" అనేవాడు.

ఒకసారి నా కంటిరెప్ప మీద పులిపిరి లేచింది. అమ్మ నన్ను ఆయన ముందు కూర్చోబెట్టింది. ఆయన ఎప్పటిలాగే చెయ్యి కాల్చుకున్నాడు. నా కన్ను చూసి అద్దం జేబులో పెట్టేసుకున్నాడు.

"కంటికాడ నా చేత కాదక్కా. ఈ వెలుతురుకు అంత బుద్ధి లేదు."

పులిపిరి కొన్నాళ్లకు దానంతటదే రాలిపోయింది. అమ్మ కోపం పోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఇప్పుడు లేజరు వెలుతురుతో ఇనుప రేకులు కోస్తున్నారు, కడప బండల మీద పేర్లు చెక్కుతున్నారు. పోయిన నెల కర్నూలు ఆసుపత్రిలో, షుగరు పాడుచేసిన నా కంటి లోపలి పొరకు కూడా లేజరే పెట్టారు. గడ్డాన్ని యంత్రానికి ఆనించాను.

"కదలొద్దు తాతా" అంది డాక్టరమ్మ.

పచ్చటి వెలుతురు చుక్కలు చుక్కలుగా లోపలికి పోయింది. నొప్పి పెద్దగా లేదు.

అయిపోయాక ఆమె చేతులు చూశాను. ఒక్క మచ్చ కూడా లేదు.