పిల్లలందరూ ఏడ్చిన అమావాస్య

మొన్న మా కింది వాటాలో ఉండే అమ్మాయి, రెండేళ్లు దాటిన కొడుకును చంకనేసుకుని మెట్లెక్కి వచ్చి, వీడింకా ఒక్క మాటా అనడం లేదు పెద్దమ్మా అని దిగులుగా చెప్పుకుంటూ కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్లి, ఎందుకు చేస్తున్నానో నాకే తెలియకుండా ఒక స్టీలు పళ్లెం తెచ్చి, బొమ్మకారుతో ఆడుకుంటున్న ఆ పిల్లవాడి వెనక బండల మీద జారవిడిచాను. వాడు ఉలిక్కిపడి, కారు వదిలేసి, తల్లి ఒడిలోకి దూరి బావురుమన్నాడు. ఆ అమ్మాయి నా చేయి జారిందనుకుని పళ్లెం తీసి ఇచ్చింది. నాకు మాత్రం పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. వాడు ఏడుస్తుంటే నాకు సంతోషంగా ఉందని ఆమెకు ఎలా చెప్పను? నా ఈడు వాళ్లకైతే అర్థమవుతుందని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. ముందు గదిలోనే రెండు మగ్గాలుండేవి, పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా పోగుల మీద పడే మగ్గం పలక దెబ్బ ఆగేది కాదు, కొత్తగా వచ్చిన చుట్టాలకు ఆ చప్పుడులో కునుకైనా పట్టేది కాదు. నాకు తొలికాన్పు అక్కడే అయింది. ఆడపిల్ల. మగ్గాల పక్కనే చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెడితే, పలక ఎంత గట్టిగా పడినా కళ్లు తెరవకుండా నిద్రపోయే నా బిడ్డను చూసి, నేసేవాళ్ల ఇంటి రక్తం ఎక్కడికి పోతుందని మా అమ్మ మురిసిపోయేది.

పిల్లను తీసుకుని పెనుకొండలో అత్తగారింటికి వచ్చాక అక్కడా అందరూ మెచ్చుకునేవాళ్లే. వీధిలో కుక్కలు పోట్లాడుకున్నా నిద్ర లేవదనీ, పిల్లంటే ఇట్లా ఉండాలనీ అనేవాళ్లు. దీపావళినాడు పక్కిళ్ల పిల్లలందరూ చెవులు మూసుకుని లోపలికి పరుగెత్తితే, మాది మాత్రం పేలుతున్న టపాకాయల వైపు నవ్వుకుంటూ నడిచింది. మా ఆయన ఎత్తుకొచ్చి, నా కూతురికి భయమన్నదే లేదని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు. ఆ మెచ్చుకోళ్లు వింటూ నేనూ నవ్వేదాన్ని గానీ, లోపలెక్కడో సన్నగా ఒక చలి మొదలైంది.

ఏడాది లోపు ఊ, ఆ అంటూ ఏవో శబ్దాలు చేసిన పిల్ల, నడక వచ్చాక రోజురోజుకూ ఆ కాస్త చప్పుడూ తగ్గించుకుంటూ వచ్చింది. తోటి పిల్లలు అత్త, తాత అంటున్న వయసులో మా ఇల్లు నిశ్శబ్దమైపోతూ ఉండేది. నేను గుట్టుగా వెనక నిలబడి గిన్నె కొట్టేదాన్ని, గాజులు కదిపేదాన్ని. ఒక్కోసారి తిరిగి చూసేది, నా నీడ కనబడో, నేల అదిరో. అప్పుడు అంతా నా పిచ్చి అనుకునేదాన్ని. మర్నాడు మళ్లీ కొడితే తిరిగేది కాదు. మా ఆయనతో చెబితే, శుభమా అని పుట్టిన పిల్లకు లేని రోగాలు అంటగట్టొద్దని కసురుకున్నాడు. మా అత్త, తన కొడుకు కూడా నాలుగో ఏడు నిండాకే మాట్లాడాడని చెప్పి, ఇద్దరి నోళ్లూ మూయించింది. పెద్ద మనిషి, ఆమె మాట ఇంట్లో అందరికీ ఆఖరి మాట.

మాకు సోమందేపల్లి దగ్గర బెంగళూరు రోడ్డు పక్కనే కొంత మెట్ట చేను ఉండేది. చెనిక్కాయలు, అదే వేరుశనగ, పీకే రోజుల్లో ఒకనాడు అత్తా, నేనూ పాపను తీసుకుని అక్కడికి వెళ్లాం. కాయలు రాలుస్తూ రాలుస్తూ నేను తలెత్తేసరికి, గట్టు మీద ఆడుకుంటున్న పిల్ల గట్టు దిగి, రోడ్డు మధ్యలో కూర్చుని ఏదో పుల్ల ఏరుకుంటోంది. దాని వెనక నుంచి లారీ వస్తోంది. హారన్ మోగుతూనే ఉంది, దూరం నుంచి దగ్గరికి, దగ్గర నుంచి ఇంకా దగ్గరికి. చేలో కూలివాళ్లందరూ లేచి నిలబడ్డారు. పాప తల తిప్పలేదు. లారీ పక్కకు కోసుకుని, మట్టిలోకి దిగి ఆగింది. నేను పడుతూ లేస్తూ వెళ్లి ఎత్తుకునేసరికి, చేతిలో పుల్లను నాకు చూపించి నవ్వింది. డ్రైవరు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, పాప ముఖంలోకి వంగి చూశాడు.

“ఏమ్మా, అంత హారన్ కొడ్తాండా గదా, పాపకు ఇనపడల్యా?”

ఆ మాట బయటి మనిషి నోటి నుంచి రావడంతో నేను పాపను ఇంకా గట్టిగా అదుముకున్నాను. మా అత్త మాత్రం దాన్ని ఇంకో రకంగా తీసుకుంది. పిల్ల ఎప్పుడో దేనికో జడుసుకుందనీ, ఆ జడుపుకే నోరు కట్టుకుపోయిందనీ, ఇక ఆలస్యం చేస్తే చేతికి రాదనీ తేల్చేసింది. గాండ్లపెంట దాటి ఎక్కడో ఒక పల్లెలో, మాట రాని పిల్లలకు గొంతు కింద వాత పెట్టే మనిషి ఉన్నాడని ఎవరో చెప్పారట. కాలిన ఇనుప కడ్డీ. ఆదివారం అమావాస్య కలిసొచ్చిన రోజు పెడితే మాట పడుతుందట.

ఆ రోజు దగ్గరపడే కొద్దీ నేను పాపకు నీళ్లు పోసినప్పుడల్లా ఆ మెడ మీద నా చేయి ఆగిపోయేది. వద్దని మా ఆయనను బతిమాలాను. తల్లి మాట కాదనే మనిషి కాదు, పైగా ఆయనకూ అప్పటికి భయం పట్టుకుంది, భయపడిన మనిషికి ఏదో ఒకటి చేసేయాలని ఉంటుంది.

మా ఆయనా, అత్తా, నేనూ పాపతో బయల్దేరాం. కదిరి దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు, తర్వాత నడక. మా అత్తే పాపను చంకలో వేసుకుని నడిచింది, నాకు ఇస్తే ఎక్కడ వెనక్కి తిరుగుతానో అని. ఆ మనిషి ఇల్లు చూస్తే నేను అనుకున్నట్టు భయంకరంగా ఏమీ లేదు. శుభ్రంగా అలికిన ముంగిలి, రేకుల వసారా, లోపల బొగ్గుల కుంపటి. ఆయన కూడా నెమ్మదైన మనిషి, ఎండన పడి వచ్చారు కూర్చోండమ్మా అని మంచినీళ్లు ఇప్పించాడు. ఆ నెమ్మదే నాకు ఎక్కువ భయం పుట్టించింది. వసారాలో మాలాగే పిల్లలను ఎత్తుకున్న ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు.

మొదటి పిల్లవాణ్ని లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి ఒక కేక వచ్చింది. ఆ కేకను నేను రాయలేను. అది వినగానే వసారాలో పిల్లలందరూ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు, తల్లుల మెడలు పట్టుకుని వేలాడారు, ఒకడు తప్పించుకుని వీధిలోకి పరుగెత్తాడు.

మా పాప అవ్వ ఒడిలో కూర్చుని ఆమె గాజులు ఒక్కొక్కటే పైకి నెట్టుకుంటోంది.

రెండో కేక వచ్చింది. మళ్లీ పిల్లల గోల. పాప గాజుల మీద నుంచి కళ్లెత్తలేదు. మా అత్త ఆ ఏడుస్తున్న పిల్లలను చూసింది, ఒడిలో పిల్లను చూసింది. ఆమె ముఖంలో రంగు పోవడం నాకు కనబడింది. పాప చెవి దగ్గరకు వంగి, జనమంతా తిరిగి చూసేలా గట్టిగా పేరు పెట్టి అరిచింది. ఊపిరి తగిలి చక్కిలిగింత పుట్టిందేమో, పాప చెవి రుద్దుకుంటూ కిలకిలా నవ్వింది.

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి మమ్మల్ని పిలిచారు. మా ఆయన లేచి పాప కోసం చేతులు చాచాడు. అత్త ఇవ్వలేదు.

“వద్దప్పా. దీని నోరు బాగనే ఉండాది. చెవులే ల్యావు,” అంది. నా వైపు తిరిగి, “లెయ్ మ్మే, పోదాం,” అంది.

ఇంత దూరం వచ్చి ఊరికే పోవడమా అని ఆయన ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే ముంగిలి దాటేసింది. మేం బస్సు ఆగే చోటికి చేరేదాకా వెనక నుంచి పిల్లల ఏడుపులు వినబడుతూనే ఉన్నాయి. మా ముగ్గురికీ వినబడుతున్నాయి. బస్సులో అత్త కిటికీ గాలి తగలకుండా పాప రెండు చెవులూ అరచేతులతో మూసి పట్టుకుని పెనుకొండ దాకా వచ్చింది.

తర్వాత బెంగళూరు వెళ్లాం. పెద్ద డాక్టరు పరీక్షలు చేసి, పుట్టుకతోనే వినికిడి లేదనీ, మిషను పెట్టినా పెద్దగా లాభం ఉండదనీ చెప్పాడు. అంత భయపడిన దాన్ని, నిజం తెలిశాక ఏడవలేదు. ఇంకేం వస్తుందోనని చెవులు రిక్కించుకుని బతికే రోజులు అయిపోయాయనిపించింది. పాప అటువంటి పిల్లల బడిలో చేరింది, హాస్టల్లో ఉండి చదివింది, హిందూపురంలో ఉద్యోగం తెచ్చుకుంది, తనలాంటి అబ్బాయినే ఇష్టపడి పెళ్లి చేసుకుంది. వాళ్లకు ఒక కొడుకు. వాడికి అన్నీ వినబడతాయి, నోటికి తాళం వేసినా ఆగడు.

బడికి పంపకముందు మా అత్తా, పాపా కలిసి ఇంట్లో ఒక భాష తయారు చేసుకున్నారు. ముక్కుపుడక పట్టుకుంటే అవ్వ. జేబు తడితే నాయన. అరచేతులు రెండూ రుద్దితే చెనిక్కాయలు. అక్షరం రాని మనిషి, రోజుకొక మాట కనిపెట్టి మనవరాలికి నేర్పేది, మేమంతా ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లం. ఇప్పుడు పిల్ల పుట్టగానే ఆసుపత్రిలోనే చెవులు పరీక్ష చేస్తారట. మంచిదే, ఏ తల్లీ అట్లాంటి వసారాలో కూర్చోవలసిన పని లేదు. నా కూతురూ అల్లుడూ బళ్లో నేర్చుకున్న సైగలతో ఎదురెదురుగా గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, ఆ వేళ్ల వేగం నాకు అందదు, మనవడు మధ్యలో కూర్చుని నాకు అర్థం చెబుతాడు.

పోయిన నెల వాళ్లు వచ్చినప్పుడు పొయ్యి మీద చెనిక్కాయలు ఉడుకుతున్నాయి. తింటావా అని కూతురి ముందు నిలబడి అరచేతులు రెండూ రుద్ది చూపించాను. నా చేతుల వైపు కాసేపు చూసింది. చలిగా ఉందేమోననుకుని, లోపలికి వెళ్లి శాలువా తెచ్చి నాకు కప్పింది.