పేజీ మామయ్యే తిప్పాలి

కుట్టుమిషన్ల మెకానిక్ మామయ్య దగ్గర ఆదిమానవుల సాహసాల బొమ్మల కథలు మొదటి పన్నెండు సంచికలూ ఉన్నాయి. ఎవరు అడిగినా కాదనకుండా చూపిస్తాడు. పేజీ మాత్రం ఆయనే తిప్పాలి.

చూసేవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఒకసారి సగం కథలో కరెంటు పోతే, మళ్లీ వచ్చేదాకా పేజీ అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జ్వరంగా ఉందని చూడ్డానికి వచ్చిన డాక్టరు ఊరికే కాగితం మీద చెయ్యి వేస్తే, నాడి మీరు చూడండి, పేజీ నేను చూసుకుంటానన్నాడు. ఇక అత్తయ్య, కాపురానికొచ్చి ముప్పై ఏళ్లయినా కాగితం దాకా రాలేకపోయానని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

మూడో సంచిక చివరి పేజీలో గుహ ముందు మామత్, అదే మంచుయుగం నాటి బొచ్చు ఏనుగు, నిలబడి ఉంటుంది. ఆ పేజీ రాగానే మామయ్య ఎడమ బొటనవేలు వెళ్లి సరిగ్గా దానిమీద కూర్చునేది. తొండం చివర ఒక్కటే కనిపించేది. వేలు తియ్యమంటే మిగతాది ఊహించుకోమనేవాడు.

ఇన్నేళ్లకు ఆ కథలు పుస్తకంగా వస్తున్నాయి. వేస్తున్న సంస్థలో పనిచేసేది ఆయన మేనకోడలే. సంస్థ దగ్గర మూడో సంచిక లేదు, ఎంత వెతికినా బయటా దొరకలేదు. అది లేకపోతే తెగ నది దాటే ఘట్టమే పుస్తకంలో ఉండదు. సాయంత్రంలోగా ఫొటోలు పంపాలి. ఆమె కెమెరా పట్టుకుని రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది.

మామయ్య తిప్పుతున్నాడు, ఆమె తీస్తోంది. రాతిగొడ్డలి గాల్లోకి లేచింది, కోరలపులి దూకింది, నది మధ్యలో తెప్ప విరిగింది. చిన్నప్పుడు ఊపిరి బిగబట్టిన చోటల్లా మళ్లీ బిగబట్టింది. చివరి పేజీ వచ్చింది. వెంటనే బొటనవేలూ వచ్చింది.

"మామయ్యా, పుస్తకంలో నీ వేలు అచ్చవుతుంది."

"అవనీ. గోరు శుభ్రంగానే ఉంది."

ఆమె నవ్వుతూ ఆ వేలు పట్టుకుని లేపేసింది.

మామత్ ఉన్నంత మేర కాగితం వేరు. తడిమి చూస్తే తప్ప అతుకు తెలియదు. బొచ్చంతా వెంట్రుక వెంట్రుకగా పెన్నుతో గీసి ఉంది. కాళ్ల కీళ్ల దగ్గర మాత్రం ఒక్కో బోల్టు ఉంది.

"ఇది నువ్వు గీసిందే. అసలు బొమ్మేది?"

"ఎలుక కొట్టేసింది."

"చుట్టూ కత్తెర గాటు ఉంది మామయ్యా."

"తెలివైన ఎలుక."

అత్తయ్య ఇక ఆగలేక ఆయన పనిముట్ల పెట్టె తెచ్చి మూత ఎత్తింది. మూత లోపల, నూనె మరకలతో నల్లబడి, అసలు మామత్ ఉంది. పక్కన దాని పేరు చోటు చాలక రెండు వరుసల్లో పడింది: పైన 'మామ', కింద 'త్'. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఐదేళ్ల పిల్ల పై వరుస చదివి, ఇది మామదేనని కత్తిరించి, తెచ్చి పెట్టెకు అంటించిందట. ఆ పిల్ల ఎవరో మేనకోడలికి వేరే చెప్పనక్కర్లేకపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మళ్లీ బొమ్మలు చూడ్డానికి వచ్చేదానివా?"

ఆమె కాసేపు కెమెరా తుడుచుకుంది. తర్వాత ఈ పేజీనే వేస్తామని చెప్పింది, బోల్టులతో సహా. మామయ్య కంగారుపడ్డాడు. మూడో సంచికను మొదటిసారి ఆమె చేతుల్లో పెట్టేసి, పెట్టెలోంచి పెన్ను తీశాడు.

"కదలకుండా పట్టుకో. వెనక కాలు బోల్టు ఒకటి వదులుగా ఉంది, బిగించి ఇస్తా."