పప్పు ఉడికిన ఏడాది

మర్రిగూడ మండలంలోని ఒక చిన్న ఊరి బడికి నేను తెలుగు పంతులుగా వెళ్లింది 2016 జూన్‌లో. మా ఇల్లు మహబూబ్‌నగర్‌లో. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవడం, సోమవారం పొద్దున్నే తిరిగి రావడం. మిగతా రోజులకు హనుమంతు అనే రైతు ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. నాకు వంట రాదని తెలిసిన రోజే హనుమంతు భార్య మల్లిక, రెండు పూటలా తమతోనే తినమంది. జాలిపడి అన్న మాట అనుకున్నాను. కాదు. వండినదాన్ని తిని ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కోసం ఆమె ఎన్నాళ్లుగానో చూస్తోందని వారం తిరక్కముందే అర్థమైంది.

మల్లికకు అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. పుట్టింది హుజూర్‌నగర్ దగ్గర, కాలువ కింద వరి పండే ఊళ్లో. చిన్నప్పటి నుంచీ వంటంటే ఆమెకు పని కాదు, ఆట. పద్నాలుగో ఏట, అమ్మకు జ్వరం వస్తే, నాట్లకొచ్చిన ఇరవై మందికి ఒక్కతే వండి పెట్టిందట. అలాంటి పిల్ల పెళ్లయి ఈ మెట్ట ఊరికి వచ్చింది. వచ్చిన మూడో రోజే చుట్టాలందరి ముందు ముద్దపప్పు వండబోయింది. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నం దాకా కుతకుతలాడుతూనే ఉంది. కట్టెలు అయిపోయాయి గాని పప్పు మెత్తబడలేదు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు పలుకులు నములుతుంటే కొత్త కోడలు తలుపు వెనక నిలబడి ఏడ్చింది.

అత్త ఈదమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నీ చేతుల తప్పేం లేదు బిడ్డా. మా ఊరి నీళ్లే గంత. పప్పు ఉడకది, బువ్వ పచ్చబడ్తది. నేనొచ్చిన నాడు గిట్లనే ఏడ్చిన" అన్నదట.

ఆ నీళ్లు పప్పుతో ఆగలేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఈదమ్మ మెడ బిగుసుకుపోయింది. పక్కన ఎవరున్నారో చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. మోకాళ్లు వంగవు కాబట్టి నేల మీద కూర్చోలేదు. నేను వెళ్లేనాటికి తాగడానికి ఫిల్టర్ నీళ్ల డబ్బాలు వస్తున్నాయి. వంటకు మాత్రం బోరు నీళ్లే.

వేరే మనిషైతే పప్పు సంగతి వదిలేసేది. ఊళ్లో చాలామంది వదిలేశారు. జొన్నరొట్టె, చింత తొక్కు, పచ్చిపులుసుతో వాళ్లకు జరిగిపోతోంది. మల్లిక వదల్లేదు. పదహారేళ్లకు పైగా ఆ పప్పుతో పోరాడుతూనే ఉంది. పొద్దున వండాల్సిన పప్పు ముందురోజే నానబెట్టేది. తినే సోడా వేసేది. నూనె చుక్క వేసేది. ఎవరో చెప్పారని పచ్చి బొప్పాయి ముక్క వేసింది. ఇంకెవరో చెప్పారని పప్పును దోరగా వేయించి, దంచి, అప్పుడు వండింది. కుక్కర్ కొన్నాక తొమ్మిది విజిళ్లు రానిచ్చేది. ఎంత చేసినా మెత్తటి పప్పులో నాలుగు పలుకులు పంటికి తగిలేవి. పుట్టింటి నుంచి అన్న వస్తుంటే మిఠాయి తేవద్దు, రెండు డబ్బాల నీళ్లు పట్టుకురమ్మని కబురు చేసేదట. ఆ నీళ్లతో వండిన రోజు ఇంట్లో పండుగ.

మరుసటి ఏడు దసరాకు ముందు మా వీధిలో ఇంటింటికీ నల్లాలు బిగించారు. కృష్ణా నీళ్లు వస్తాయన్నారు. ఇలాంటి మాటలు చాలా విన్నాం లెమ్మని హనుమంతు చేనుకు పోయాడు. మల్లిక మాత్రం నాలుగు రోజులు నల్లా పక్కనుంచి కదల్లేదు. మొదటి రోజు గాలి బుస్సుమంది. రెండో రోజు ఎర్రటి బురద నీళ్లు వచ్చి ఆగిపోయాయి. నాలుగో రోజు పొద్దున నేను బడికి తయారవుతుంటే ధార పడ్డ చప్పుడు వినిపించింది. వీధిలో అందరూ దోసిళ్లు పట్టి తాగుతున్నారు. మల్లిక తాగలేదు. నిండిన బిందె చంకనెత్తుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

ఆవేళ ఆదివారం కాదు, పండుగ కాదు, అయినా నేను బడికి పావుగంట ఆలస్యంగా పోయాను. ఎందుకంటే మల్లిక నన్ను కదలనివ్వలేదు. ఒకవేళ నీళ్లు వస్తాయేమోనని రోజూ పప్పు నానబెట్టుకునే ఉంది. అలవాటు ప్రకారం సోడా వేసింది, నూనె వేసింది, కుక్కర్ మూత పెట్టి తొమ్మిది విజిళ్లు లెక్కపెట్టింది. మూత తీసి లోపలికి చూసి, గంటెతో అడుగు దాకా కలిపింది. మళ్లీ కలిపింది. కుక్కర్ పట్టుకుని నా గదికి వచ్చింది.

"సారూ, పప్పు ఏడికి పోయిందో జర సూడుండ్రి."

కుక్కర్ నిండా పసుపు పచ్చటి నీళ్లు. పప్పు బద్ద ఒక్కటి లేదు. పూర్తిగా కరిగిపోయింది. అది చూసి ముందు నేను నవ్వాను. తర్వాత ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కుక్కర్ గడప మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. బడికి పోతున్న పిల్లలు కూడా ఆగి చూశారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో జరిగింది మామూలు వంట కాదు. పదహారేళ్లుగా నేర్చుకున్న కిటుకులన్నీ ఇప్పుడు తప్పులైపోయాయి. అన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మల్లికకు అంతకన్నా సంతోషం ఏముంది. సోడా మానేసింది. నానబెట్టడం మానేసింది. తొమ్మిది విజిళ్లు అయిదుకు, అయిదు మూడుకు వచ్చాయి. ఎన్ని విజిళ్లకు ఏ పప్పు ఎలా వచ్చిందో వంటింటి గోడ మీద సుద్దముక్కతో రాసుకునేది. సుద్దముక్కలు నా జేబులోంచే పోయేవి. మొదటి వారం అన్నం జావలా అయింది, ఎసరు పాత లెక్కనే పోసింది కనుక. తెల్లగా మాత్రం మల్లెపూవులా ఉంది. ఇడ్లీలు అసలు ఎన్నడూ సరిగ్గా రాని ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బింది. బోరు నీళ్లతో పిండి పొంగేది కాదు కాబట్టి గిన్నె అంచు దాకా నింపి పెట్టింది. తెల్లారేసరికి పిండి మూత తోసుకుని బయటికొచ్చి, గూట్లోంచి కింద ఉన్న హనుమంతు చెప్పుల్లోకి జారింది. ఆయన ఒక కాలు పెట్టాక గాని చూసుకోలేదు. కోప్పడతాడేమో అనుకున్నాను. కాలు కడుక్కుంటూ, ఇడ్లీలు ఎన్ని గంటలకు అయితాయని అడిగాడు.

గోంగూర పప్పు, బచ్చలి పప్పు, చింతచిగురు పప్పు, దోసకాయ పప్పు. నెలన్నర రోజులు పప్పే తిన్నాం. శనివారం మా ఇంటికి పోతే నా భార్య పప్పు వడ్డించింది, నేను చేతులెత్తి దండం పెట్టాను.

ఒక్క ఈదమ్మ మాత్రం ఈ సంబరంలో కలవలేదు. మెత్తటి పప్పు నోట్లో పెట్టుకుని, ఇందులో నమలడానికేముందని అడిగింది. నలభై ఏళ్లుగా పలుకులు నమిలిన నోరు మరి. కోడలు చిన్నబుచ్చుకోలేదు. అత్తకు వేరే చిన్న గిన్నెలో, ఒకే విజిల్‌కు దించి, పలుకు పలుకుగా వండి పెట్టేది. అలా రెండు రకాల పప్పులు వండడం ఆమెకు ఇంకో కొత్త ఆటైంది.

ఉగాది దగ్గరపడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం ఈదమ్మ నులకమంచం మీద కూర్చుని, తానుగా ఒక మాట అడిగింది. చిన్నతనంలో దేవరకొండ వైపు మేనత్త ఇంట్లో బచ్చాలు తిన్నదట. శనగపప్పు, బెల్లం కలిపిన పూర్ణం లోపల పెట్టి, పలచగా తట్టి, పెనం మీద నెయ్యితో కాల్చినవి. ఈ ఊరికొచ్చాక శనగపప్పు ఉడకక ఎన్నడూ చేయలేకపోయింది. నువ్వులు, బెల్లం నింపి చేసుకునేవాళ్లు.

"గీ నీళ్లకు ఉడుకుతదేమో చూడరాదు" అంది.

అంతే చాలు. మల్లిక సాయంత్రానికల్లా వీధిలో పది ఇళ్లకూ చెప్పేసింది, ఉగాది నాడు బచ్చాలు మా ఇంట్లోనే అని. అత్త భయపడింది. ముందు మనకోసం కొన్ని చేసి చూసుకోవద్దా అంది. మల్లిక అప్పటికే శనగపప్పు తెమ్మని హనుమంతును మర్రిగూడకు పంపింది.

పండుగ పొద్దున నేను తొలి బస్సుకు పోవాలనుకున్నాను. వాకిట్లో రాళ్ల పొయ్యి, దాని మీద పెద్ద గంజు, కింద భగభగ మంట చూసి నా సంచి మళ్లీ గదిలో పెట్టాను. కందిపప్పు లొంగినా శనగపప్పు అంత తొందరగా లొంగదని మల్లిక లెక్క. అందుకని మంట పెంచి, మైదాపిండి కలపడానికి లోపలికి పోయింది. పిండిలో నూనె పోసి మర్దనా చేస్తూ, పక్కింటామెకు బచ్చాల గురించి చెప్తూ ఉండిపోయింది. తిరిగొచ్చి గంజులో గంటె పెట్టి చూస్తే పప్పు చితికిపోయి, నీళ్లతో కలిసి చిక్కటి జావలా ఉంది. పూర్ణానికి బద్ద వేళ్లతో నొక్కితే విరగాలి గాని ఇలా కరగకూడదు. పది ఇళ్లవాళ్లు మధ్యాహ్నానికి వస్తారు. మల్లిక ముఖంలో రంగు పోయింది.

మంచం మీంచి ఈదమ్మ పిలిచింది. ఆమె తల తిప్పలేదు కాబట్టి మంచాన్నే మేం గంజు వైపు తిప్పాం. అందులోకి చూసి, "ఫికర్ జేయకు. ధోతి గుడ్డ రెండు మడతలేసి కట్టు, దూలానికి ఏలాడదియ్యి. కింద గంజు పెట్టు. ఆ నీళ్లు పారబోసినవనుకో, నేను ఊరుకోను" అంది.

హనుమంతు, నేను చెరో పక్క పట్టి పప్పు మూటను దూలానికి కట్టాం. చిక్కటి నీళ్లు గంజులోకి ధారగా కారాయి. గుడ్డలో మిగిలిన ముద్దను మల్లిక బెల్లంతో కలిపి మళ్లీ పొయ్యి మీద పెట్టి, చెయ్యి ఆపకుండా కలిపింది. జావ ముద్దయింది. ముద్ద గట్టిపడింది. యాలకుల వాసన వీధి చివరిదాకా పోయింది. ఉండ చేసి చూసింది, నిలబడింది. ఆ ఉండను అరచేతిలో పెట్టుకుని వాకిలంతా తిరిగి అందరికీ చూపించింది.

ఈదమ్మ నేల మీద కూర్చోలేదు కదా, నా గదిలోని రాత బల్ల బయటికొచ్చింది. దాని ముందు కుర్చీలో కూర్చుని ఆమె తట్టడం మొదలుపెట్టింది. మోచేతులు సరిగా చాచలేదు గాని వేళ్లు చకచకా ఆడుతున్నాయి. మొదటివి నాలుగు చిరిగి పూర్ణం పెనానికి అంటుకుంది. అయిదోది అట్టంత మందంగా వచ్చింది. పదోది గుండ్రంగా, పలచగా, నేతిలో పొంగి బంగారు రంగుకు తిరిగింది. మల్లిక పెనం దగ్గర, అత్త బల్ల దగ్గర, ఇద్దరి మధ్య నేను విస్తరాకులు పట్టుకుని నిలబడ్డాను. మధ్యలో లేచి మల్లిక గంజులోని పప్పు నీళ్లలో చింతపులుసు, కాస్త పూర్ణం, కారం వేసి, జీలకర్ర, ఎల్లిపాయలతో పోపు పెట్టింది. అది కట్టుచారు. పారబోయొద్దని అత్త చెప్పింది అందుకే.

మధ్యాహ్నం పది ఇళ్లవాళ్లు కాదు, పద్దెనిమిది ఇళ్లవాళ్లు వచ్చారు. బచ్చాలు తక్కువ పడ్డాయి. అయినా అందరూ అన్నంలో కట్టుచారు పోసుకుని గంజు ఊడ్చేశారు. అందరూ తిన్నాక ఈదమ్మ తన వంతు తిన్నది, నిదానంగా, ముక్క ముక్కగా. ఎలా ఉందని మల్లిక రెండుసార్లు అడిగింది.

"మా మేనత్త బెల్లం ఇంకొంచెం ఏసేది" అంది ఈదమ్మ.

మల్లిక వెంటనే సుద్దముక్క తీసుకుని గోడ మీద రాసింది. మూడో రోజు మళ్లీ చేసింది, బెల్లం పెంచి.

ఆ తర్వాత ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా పప్పు, బచ్చాలు ఆమె చూడాల్సిందే. మర్రిగూడ సెంటర్‌లో వండిన కూరలు అమ్మే దుకాణం పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. ఆమె ఒక రోజంతా ఆలోచించి వద్దంది. దుకాణమైతే రోజూ ఒకేలా వండాలట. నిన్నటిలా రాలేదని జనం అడుగుతారట. తనకు నిన్నటిలా వండడం ఇష్టం లేదని నాతో చెప్పింది.

2022లో నాకు మా జిల్లాకు బదిలీ అయింది. పోయిన ఏడాది పని మీద నల్గొండ వచ్చి, వాళ్లను చూసిపోదామని ఊరికి వెళ్లాను. ఈదమ్మ బాగానే ఉంది. మల్లిక జుట్టు నెరిసింది. నేను రావడం చూసి కూర్చోమని కూడా అనలేదు, పొయ్యి దగ్గరికి రమ్మని చేయి ఊపింది. బస్టాండ్ దగ్గర బట్టలు కుట్టే హసీనా దగ్గర దమ్ బిర్యానీ నేర్చుకుందట, అదే మొదటిసారి చేయడం. గంజు మూత చుట్టూ గోధుమపిండి పూసి, మూత మీద నిప్పులు పెట్టి ఉంది. హనుమంతు పక్కన గడియారం పట్టుకుని కూర్చున్నాడు. పిండి పగలగొట్టి మూత ఎత్తగానే ఆవిరి ముఖానికి కొట్టింది. పై అన్నం మెతుకు మెతుకు విడివిడిగా, ముక్క వెన్నలా ఉంది. అడుగున వేలు మందాన మాడిపోయింది.

మల్లిక ఆ మాడును గీకి చూసి, వాసన చూసింది.

"నిప్పులు మీదికెక్కువ, కిందికి తక్కువ పెట్టాలె" అంది తనలో తాను. తర్వాత నా వైపు తిరిగి, "సారూ, మీ బస్సు ఎన్నింటికి?"

అయిదింటికని చెప్పాను.

ఇంకా మూడు గంటలుందని లెక్కగట్టి, హనుమంతును బియ్యం కడగమంది.