కక్కులు లేని కత్తి

తవిటయ్య బావకి ముక్కు మీద కోపం. నాకూ అది తక్కువేం కాదు కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది. గాజువాకలో లారీల కమాన్లు సరిచేసే షెడ్డు నాది. దాని పక్కనే తాటాకు పాక కింద కొలిమి ఆయనది. చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్కన బతుకుతున్నాం, నేను ఆయన్ని బావా అన్నాను, ఆయన పలికాడు, అంతే. విరిగిన కమాను పట్టీలు నా దగ్గర పడి ఉండేవి. వాటిని ఆయన కత్తులు చేసేవాడు. అందుకని ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నాకూ వాటా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

ఉక్కు ఫ్యాక్టరీకి పోయిన ఊళ్లలో ఆయన ఊరు ఒకటి. వరి పండే ఊరికి ఆయన కమ్మరి. కోతలకు ముందు నలభై ఇళ్ల కొడవళ్లూ ఆయన గుమ్మంలోకి వచ్చేవి. కొడవలి అంచు మీద ఉలి ఆనించి, సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ వరసగా పళ్లు లేపాలి. ఆ పళ్లనే కక్కులంటారు. కక్కులుంటేనే జారిపోయే వరిదుబ్బు కొడవలికి చిక్కుతుంది. ఆ పనికి రైతులు ఆయనకు కళ్లంలోనే గింజలు కొలిచేవారు. తవిటయ్య కొట్టిన కక్కు రెండు కోతలు ఆగుతుందని పక్క ఊళ్ల వాళ్లు కూడా వచ్చేవారట. ఇది ఆయన నోటి మాటే, కానీ ఆయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదు.

ఊరు ఖాళీ చేసిన ఏడు కూడా అందరికీ కక్కులు కొట్టి ఇచ్చాడు. ఆఖరి కోత అయ్యాక ఆ ఉలిని తీసుకెళ్లి ఊరి బావిలో పడేశాడు. మళ్లీ కక్కు కొట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. గాజువాక వచ్చాక గునపాలకు మొనలు సాగదీశాడు, తలుపు గడియలు చేశాడు, మాంసం కొట్టేవాళ్లకు కత్తులు చేశాడు. కొడవలి అడిగిన వాళ్లను మాత్రం తిట్టి పంపేవాడు.

"వరే నేదు. కొడవలెందుకు, గెడ్డం గీసుకుంతావేటి?" అనేవాడు.

ఊరు పోయినా ఈ బిరుసు మాత్రం మూట కట్టి తెచ్చుకున్నావు బావా అని నేను ఆటపట్టించేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

ఎనభై రెండులో, ఆషాఢం వెళ్లిపోతుందనగా జోగమ్మ వచ్చింది. ఆమెది సముద్రం ఒడ్డున జాలరిపేట. రోజూ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని, మా షెడ్డు ముందు నుంచే కేక వేసుకుంటూ బజారుకు పోయేది. మొగుడు పచ్చకామెర్లతో పోయి రెండేళ్లయింది. ముగ్గురూ మగపిల్లలే. ఆ రోజు తట్ట దించి, కొంగు ముడి విప్పి, ఎర్ర పిడి ఉన్న మడత చాకు ఒకటి తీసి కింద పెట్టింది. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదని మా అందరికీ పట్టింపు. ఇస్తే ఇద్దరికీ చెడుతుందంటారు. బావ కిందనుంచి తీసుకున్నాడు.

"ఓడ సరుకంట అన్నా. పాత పోస్టాఫీసు కాడ అమ్మీవోడు సూపించుకుని రమ్మన్నాడు," అంది జోగమ్మ. "మా పెద్దోడు ఎల్లాజీ వచ్చీ నెల నుంచి మా తమ్ముడి తెప్ప మీద ఏటకెల్తన్నాడు. ఆడికి పదైదేళ్లు. ఇది పనికొత్తాదేటి?"

ఎందుకు కావాలో కూడా ఆమే చెప్పింది. వల దిగేటప్పుడు తాడు కాలికి చుట్టుకుంటే, ఆ బరువు మనిషిని కిందికి లాగేస్తుంది. తెప్ప మీద ఉన్నవాళ్లు చేయగలిగేది ఏమీ ఉండదు. మొలతాడుకు కట్టుకున్న కత్తి ఒక్కటే దిక్కు.

"ఆడికి ఈతొచ్చు. ఈతకి తాడు తెగదు గదన్నా."

బావ చాకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోసే అలుగులు రెండు, చిన్న కత్తెర, సీసా మూత తీసే కొక్కెం కూడా ఉన్నాయి. ముచ్చటగా ఉంది. నిజం చెప్పాలంటే నాకే కొనుక్కోవాలనిపించింది. "త్రినాదా, ఇలగ రా," అని నన్ను పిలిచాడు బావ. నా చేతుల నిండా గ్రీజు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టించి, కుడి చేత్తోనే చాకు తెరవమన్నాడు. అలుగు తీసే గాడిలోంచి గోరు జారిపోయింది. పళ్లతో లాగబోయాను.

"నీట్లో నోరు తెరుత్తావేటి?" అన్నాడు.

నావల్ల కాలేదు. బావ దాన్ని మళ్లీ జోగమ్మ ముందు పెట్టాడు.

"ఇది బొమ్మ సెల్లీ. రెండు సేతులూ కాళీగా ఉన్నోడికి పనికొత్తాది. ఆ ఏలకి నీ కొడుక్కి ఒక్క సెయ్యే ఉంటాది. గుంటణ్ణి అంపు, నాను సేత్తాను."

మర్నాడు ఎల్లాజీ వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, మెడ సన్నం, మీసం ఇంకా రాలేదు. బావ వాడి అరచేతి చుట్టూ దారం వేసి కొలిచాడు. ఆ కొలతకు ఇంకాస్త దారం వదిలి ముడి వేశాడు. పెరిగే చెయ్యి, రెండేళ్లు పోతే పిడి ఇరుకైపోతుందన్నాడు. తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి, కత్తి ఎలా తీయాలో, ఎలా కోయాలో ఓపిగ్గా చెప్పాడు.

"బయపడి సెయ్యి మార్సీకు. ఎక్కడ మొదలెట్టినావో అక్కడే కొయ్యి. తెగిందాకా అక్కడే."

ఎల్లాజీ తల ఊపాడు. మాట్లాడడానికి సిగ్గుపడే రకం.

ఆ కత్తి చేయడానికి బావకు నాలుగు రోజులు పట్టింది. నా పట్టీల్లో మూడు తీసి, దాగలి అనే ఇనుప దిమ్మ మీద కొట్టి, చప్పుడు విని రెండు అవతల పడేశాడు. అలుగు జానెడు లోపే ఉండాలన్నాడు, పొడుగైతే తొడకు తగులుతుందని. మొన ఉంచలేదు. ఊగే తెప్ప మీద పక్కవాడికి గుచ్చుకోకుండా గుండ్రంగా కొట్టేశాడు. చింతకర్ర పిడి వేసి, తడి చేతికి పట్టు దొరికేలా చుట్టూ గాట్లు పెట్టాడు. మొలతాడుకు కట్టుకోవడానికి పిడి చివర కన్నం చేశాడు. అన్నీ సరిగ్గానే ఆలోచించాడు. ఇప్పటికీ వాటిలో దేనికీ వంక పెట్టలేను.

జోగమ్మ వచ్చి, బొటనవేలితో అంచు తడిమి చూసింది.

"దీనికి కక్కులు కొట్టన్నా," అంది.

బావ మొహం మారిపోయింది. "కక్కులెందుకు?"

"ఇప్పుడన్నీ నైలాను తాళ్లే గదా. ఇంటికాడ వల బాగుసేసినప్పుడు సూత్తన్నాను, మామూలు కత్తి జారిపోతాది. కొడవలెడితే పట్టీసుకుంతాది. ఉప్పు నీటికి అంచు సచ్చిపోయినా కక్కు కోత్తాది."

"కక్కు వరికి. వరి పోనాది, కక్కూ పోనాది. కక్కులెడితే మంచి వల కూడా సిరిగిపోద్ది. సేపల సంగతి నీకు తెలుసు, ఇనుము సంగతి నాకు తెలుసు."

"అలగ కాదన్నా..."

"నమ్మకం నేకపోతే ఆ ఓడ సాకే కొనుక్కో."

అక్కడ నేను నోరు విప్పాల్సింది. లారీల మీద లోడు కట్టే తాళ్లు అప్పటికే నైలానువి వచ్చేశాయి. వాటిని కోయాలంటే మా షెడ్డులో హాక్సా బ్లేడే తీసేవాళ్లం. పళ్లున్న బ్లేడు. రోజూ చేసే పనే అది. కానీ బావ కోపంలో ఉన్నప్పుడు మధ్యలోకి వెళ్లడం ఎందుకని ఊరుకున్నాను. ఆయన కొబ్బరితాడు ముక్క ఒకటి తెచ్చి, గుంజకు బిగించి కట్టి, కొత్త కత్తితో ఒక్క వేటు వేశాడు. ఆ తాడు ఎడ్లను కట్టేది, ఊరి నుంచి తెచ్చుకున్నది. రెండు ముక్కలై పడింది. బావ కత్తికి పసుపూ కుంకుమా పెట్టి దాగలి మొద్దు మీద ఉంచాడు. జోగమ్మ తీసుకుని కళ్లకద్దుకుంది.

కార్తీకంలో మూడు రోజులు జోగమ్మ కేక వినిపించలేదు. నాలుగో రోజు వేరే చేపలామె ఆగి చెప్పింది, ఎల్లాజీ పోయాడని. ఇద్దరం ఒకే సైకిలు మీద వెళ్లాం. నేను తొక్కుతున్నాను, బావ వెనక కూర్చున్నాడు. దారంతా ఒకే మాట అడిగాడు, కత్తి కట్టుకునే వెళ్లాడంటావా అని. కట్టుకుని ఉండడు, మరిచిపోయి ఉంటాడు అన్నాను. ఆయన ఆ మాటే వినాలనుకున్నాడని నాకు తెలుసు.

కట్టుకునే వెళ్లాడు. జోగమ్మ తమ్ముడు కామరాజు అరుగు మీద కూర్చుని మాకు చెప్పాడు.

"వల దిగుతా ఉంటే తాడు సీలమండకి సుట్టీసుకుంది. కత్తి తీసినాడు, నాను సూసినాను. నీట్లోంచి కనబడతన్నాడు. కోత్తన్నాడు, కోత్తన్నాడు, తాడు తెగనేదు. మేం వల పైకి లాగీసరికి ఐపోనాది."

తాడు ముక్క అక్కడే ఉంది. బావ దాన్ని ఎండలో పట్టుకుని చూశాడు. తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒక్కచోటే. అటూ ఇటూ ఒక్క గీత కూడా లేదు. ఊపిరాడని పిల్లవాడు చెప్పింది చెప్పినట్టే చేశాడు.

కత్తి కూడా ఉంది. మూడు నెలల ఉప్పు నీటికి అంచు మొద్దుబారిపోయింది. బావ తాడును కుండలో తడిపి, వదులుగా పట్టుకుని, ఆ కత్తితో కోశాడు. జారింది. మళ్లీ కోశాడు. మళ్లీ జారింది. చూరులో దోపిన పాత కొడవలి ఒకటి కనబడితే తీశాడు. ఎవరు చేశారో, ఎప్పటిదో, తుప్పు పట్టి ఉంది. కక్కులు మాత్రం ఉన్నాయి. ఒక్క లాగుకి తాడు తెగింది. జోగమ్మ గడపలో కూర్చుని ఇదంతా చూసింది. లేచి వచ్చి, బావ కింద పెట్టిన కత్తి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత బావ కొలిమి ముట్టించలేదు. ఆయన భార్య సన్యాసమ్మ మా షెడ్డుకు వచ్చి, నువ్వైనా చెప్పు తమ్ముడూ, మనిషి తినడం లేదంది. వెళ్లి కోప్పడ్డాను. వాడి రాత అలా ఉంది, నువ్వేం చేస్తావు అన్నాను.

"రాత కాదు త్రినాదా, ఉలి. నాను బావిలో పడేసినాను." అన్నాడు బావ. "నా ఊరు పోతే ఆ గుంటడేటి సేసినాడు? ఆడి మీద సూపించినాను నా కోపం."

హాక్సా బ్లేడు సంగతి అప్పుడూ చెప్పలేదు. అది చెబితే ఆయన భారం కొంత నా మీదికి వచ్చేదేమో. నాకు ధైర్యం చాలలేదు. ఇన్నాళ్లకు ఇక్కడ చెబుతున్నాను.

జోగమ్మ మళ్లీ తట్ట ఎత్తింది. ఎత్తక ఏం చేస్తుంది? ఆమె కేక దూరం నుంచి వినబడగానే బావ పాకలోకి వెళ్లిపోయేవాడు. ఆమె మా వైపు చూడకుండా పోయేది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. ఆ కేక రెండు పూటలు వినిపించకపోయినా ఆయన నా దగ్గరికి వచ్చి ఊరికే నిలబడేవాడు. మర్నాడు వినిపించాక వెళ్లి కూర్చునేవాడు.

మళ్లీ ఆషాఢం వచ్చింది. ఒక ఉదయం జోగమ్మ కేక మా షెడ్డు ముందు ఆగిపోయింది. తట్ట దించి, పాకలోకి వెళ్లి, చల్లారిన కొలిమి ముందు ఆ కత్తిని పెట్టింది.

"కక్కులు కొట్టన్నా," అంది. "రెండోవోడు ఎల్తన్నాడు."

రెండోవాడు సత్యం. వాడికి పధ్నాలుగు.

బావ కత్తి ముట్టుకోలేదు. "అంపకు సెల్లీ. త్రినాదరావు షెడ్డులో పెట్టుకుంతాడు," అన్నాడు. నేను పెట్టుకుంటానన్నాను. నిజంగానే అన్నాను.

"ఒక్కణ్ణి పెట్టుకుంతే ముగ్గురం ఎలగ తింతాం?" అంది జోగమ్మ. "మా తమ్ముడి తెప్పకి మనిషి గావాల. అడిగితే ఆడు కూడా ఎల్తాననే అంతన్నాడు. ఏటి సెయ్మంటావు?"

బావ కత్తి చేతిలోకి తీసుకున్నాడు. కక్కులు కొట్టడానికి ఉలి లేదు. నేను షెడ్డులోకి వెళ్లి, పాత ఇంజను వాల్వు కాడ ఒకటి సానపట్టి ఉలి చేసి తెచ్చాను. అప్పటికి బావ కొలిమి రాజేశాడు. కత్తిని ఎర్రగా కాల్చి, మెత్తబడనిచ్చి, దాగలి మీద పెట్టి కూర్చున్నాడు. ఆరేళ్లయింది ఆయన కక్కు కొట్టి. చిన్నచిన్న దెబ్బలు, ఒకే తీరుగా, ఒకే ఎడంతో. మళ్లీ కాల్చి నీళ్లలో ముంచాడు. జోగమ్మ తట్టలో చేపల మీది ఐసు ముక్కలు ఇంకా కరగలేదు. అంత చిన్న పని.

జోగమ్మ నడుముకు దోపుకున్న నైలాను తాడు ముక్క తీసింది. నీళ్ల తొట్టిలో తడిపి, వదులుగా పట్టుకుని, కత్తి పెట్టి ఒక్కసారి లాగింది. తెగింది.

"ఆ రోజు నానడిగింది ఇదే గదన్నా," అంది.

కోపంగా అనలేదు. అడిగిన వస్తువు ఇదేనా అని సరిచూసుకున్నట్టు అంది. తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది. కత్తిని కొంగున ముడేసుకుని, తట్ట ఎత్తమని బావనే పిలిచింది. ఆయన ఎత్తి నెత్తిన పెట్టాడు. ఆమె కేక బజారు మలుపు దాకా వినిపించింది, ఆయన అంతసేపూ రోడ్డు పక్కనే నిలబడ్డాడు.

తిరిగి వచ్చాక, ఆ ఉలి ఇచ్చేయ్ బావా, దాన్ని మళ్లీ చూస్తూ కూర్చుంటావు అన్నాను. ఆయన దాన్ని గుడ్డతో తుడిచి, నూనె రాసి, చూరులో దోపాడు.

"ఉండనీ త్రినాదా," అన్నాడు. "ఆయమ్మకి ఇంకో గుంటడున్నాడు."