ముఖచిత్రానికి మొలిచిన రెక్కలు

నా నవలలో అందరికీ రెక్కలుంటాయి, ఒక్క కథానాయికకు తప్ప. మొదటి అధ్యాయంలోనే ఆమె రెక్కలు నరికేస్తారు. మిగిలిన పుస్తకమంతా ఆమె నడుస్తుంది. చివర్లో ఒక మంత్రగత్తె కొత్త రెక్కలు ఇస్తానంటే వద్దంటుంది. ఆ ఒక్క ‘వద్దు’ కోసమే నేను అన్ని పేజీలు రాశాను. నా ఎడమ కాలికి చిన్నప్పుడే పోలియో వచ్చింది, ఇనప పట్టీలు బిగించుకుని నడుస్తాను. కథల్లో నాలాంటివాళ్ళకు ఆఖరి పేజీలో కాళ్ళు రావడమో, లేదంటే ప్రాణం పోవడమో చదివి చదివి విసుగెత్తిపోయింది.

ప్రచురణకర్తకు ఇవేమీ పట్టలేదు. “ఫాంటసీ అంటే అట్ట మీద రెక్కలుండాలండీ. లేకపోతే షాపులో ఎవడు చేతిలోకి తీసుకుంటాడు?” అన్నాడు. ముఖచిత్రం విషయంలో ఆఖరి మాట ఆయనదేనని నేనే సంతకం పెట్టి చచ్చాను. ఇక ఎవరితో పోట్లాడను?

బొమ్మలు వేసే అమ్మాయి ఒక్కతే నా పక్షాన ఉంది. శంషాబాద్‌లో ఉంటుంది, ట్యాబ్లెట్ మీద గీస్తుంది. మా మాటలన్నీ ఫోన్లోనే. ఆమె పంపిన మొదటి బొమ్మలో రాళ్ళగుట్టల మధ్య దారి మీద ఒకమ్మాయి మనకు వీపు చూపిస్తూ నిలబడి ఉంది. వీపు మీద రెండు మానిన గాయాలు. కింద మెసేజ్: “ఈమె ఇగ ఎగరది అక్కా, నడుస్తది.” చదివి ఏడ్చాను. అబ్బ, ఒక్కరికైనా అర్థమైంది అనుకున్నాను.

అక్కడితో ఊరుకోవచ్చు కదా! ఫోన్లో రంగులు సరిగ్గా తెలియడం లేదని ఒక ఆదివారం రాజేంద్రనగర్ నుంచి ఆటోలో వాళ్ళింటికి బయల్దేరాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నన్ను తీసుకెళ్ళడానికి కిందికి దిగొచ్చిన బొమ్మల పిల్ల నా కాలు చూసి గబుక్కున చెయ్యి పట్టేసుకుంది. “జర మెల్లగ అక్కా!” అడక్కుండా ఎవరైనా పట్టుకుంటే నేను నిజంగానే తూలిపోతాను. ఆ మాట చెబుదామనుకున్నాను గానీ, ఆ ముఖంలోని కంగారు చూసి నోరు మూసుకున్నాను. పైన వాళ్ళమ్మ నాకు చాయ్ ఇచ్చి, నా బూటు వైపు చూసి నిట్టూర్చింది.

వారం తిరక్కుండా కొత్త బొమ్మ వచ్చింది. రెక్కలు! తెల్లగా, ఇంతింత, అట్ట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. “మీకోసమే వేసిన అక్కా. సార్‌కు గూడ చిన్న నమూనా పంపిన.” సార్ అంటే ప్రచురణకర్తే, క్షణంలో ఒప్పేసుకున్నాడట. అచ్చుకు పనికొచ్చే పెద్ద ఫైలు మర్నాడే ప్రెస్సుకు వెళ్ళాలట.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రచురణకర్త మీదైతే అరుస్తాను. ప్రేమతో ఇచ్చిన దాని మీద ఏమని అరవను? కాదంటే పిల్ల మనసు విరుగుతుంది. ఊరుకుంటే నేను రాసిన ‘వద్దు’ మీద నా అట్టే ఉమ్మేస్తుంది. ఇదెక్కడి ఇరకాటంరా దేవుడా అనుకుంటూ మళ్ళీ ఆటో ఎక్కాను.

ఆమె గదిలో కూర్చున్నాం. ఆ ఇంటి మీదుగా విమానం వెళ్తే కిటికీ అద్దాలు అదురుతాయి, అది దాటేదాకా ఎవరూ మాట్లాడరు. నేను నోరు తెరవడం, విమానం రావడం. తెరవడం, రావడం. చివరికి చిర్రెత్తి ఆ మోతలోనే అరిచాను.

“నాకు రెక్కలు అక్కర్లేదమ్మా! మీ మెట్లు నేను ఎక్కే వచ్చాను!”

సగంలోనే మోత ఆగిపోయింది. నా అరుపు ఒక్కటే మిగిలింది. వంటింట్లోంచి వాళ్ళమ్మ తొంగిచూసింది.

“మీకు మంచిగనిపిస్తదనుకున్న అక్కా,” అంది పిల్ల. కళ్ళు నిండాయి. నావీ నిండాయి. “నాకు బాగుండాలని వేశావు. కానీ ఆమెకు అక్కర్లేదు కదా, నువ్వే అన్నావు,” అన్నాను.

ఆమె ట్యాబ్లెట్ తీసింది. అసలు బొమ్మ మీద పల్చటి గాజు కాగితం పరిచినట్టు, రెక్కలు విడిగా ఒక పొరలో గీసిందట. ఆ పొర పక్కన చిన్న కన్ను గుర్తు ఉంది, దాన్ని నొక్కింది. రెక్కలు మాయం. కింద ఆ రెండు గాయాలూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

“గీ గాయాలు తుడుద్దామంటే చేతులు రాలె అక్కా.”

తర్వాత ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, మొహం తుడుచుకుని ప్రచురణకర్తకు చెప్పింది. “సార్, పెద్ద ఫైల్ ఖరాబైంది. రెక్కలు పోయినయ్. మల్ల గీయాలంటే నెల పడ్తది. ఇగ గిదే ఉన్నది.”

అవతల కాసేపు చిందులు. “ఏదో ఒకటి పంపించి చావు తల్లీ, ప్రెస్సువాడు ప్రాణం తీస్తున్నాడు!”

పంపేసింది. ఇద్దరం పిచ్చిగా నవ్వాం.

బయల్దేరేటప్పుడు మెట్ల దగ్గర ఆమె చెయ్యి అలవాటుగా నా వైపు వచ్చింది. సగంలోనే వెనక్కి తీసుకుంది.

“పట్టుకోవాల్నా అక్కా?”

“వద్దు,” అన్నాను.

సరేనని చెప్పులేసుకుని, నా పక్కనే, నేను దిగినంత మెల్లగా దిగింది.