జబ్బార్ గారి పదకొండు లైబ్రరీలు

ఏలూరు పవర్‌పేటలో ఎలక్ట్రానిక్స్ షాపు నడిపిన అబ్దుల్ జబ్బార్ గారు జీవితంలో ఒక్క రెడీమేడ్ వస్తువునీ నమ్మలేదు. ఏది చేతికిచ్చినా తిప్పి చూసి, ‘‘దీని కింద ఏముందండీ?’’ అనేవారు. ఆ కిందిదాని కింద ఏముందో కూడా తేలితే గానీ ఆయనకి అన్నం సహించేది కాదు.

ఒకసారి హోటల్లో సర్వర్ పెసరట్టు తెచ్చి పెట్టాడు. ‘‘దీని కింద ఏముందండీ?’’ అన్నారు జబ్బార్ గారు, పిండిలో ఏమేం కలిపారన్న ఉద్దేశంతో. సర్వర్ పాపం ప్లేటెత్తి చూసి, ‘‘టేబులేనండీ,’’ అన్నాడు.

చొక్కా కుట్టించడానికి వెళితే దారం ఎక్కడిదని ఆరా తీసి, ఆ దర్జీని దారం కొన్న కొట్టుదాకా నడిపించారు. రంజానుకని ఇచ్చిన గుడ్డ బక్రీదుకి చొక్కా అయింది. వాళ్ళ నాన్నగారు తివాచీలు నేసేవారట. ఊలుకి రంగు కూడా తానే అద్దుకునేవారట. ‘‘అది వంశంలోనే ఉందండీ, మందు లేదు,’’ అనేవారు ఆయన భార్య గౌసియా గారు.

నేను ఉంగుటూరు వాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగ్ చదివి, 2007లో ఆయన దగ్గర ప్రోగ్రామర్‌గా చేరాను. నా పేరు జయకృష్ణ. నాకంటే పాతికేళ్ళు పెద్దయినా నన్ను ‘జయకృష్ణ గారూ’ అనే పిలిచేవారు. ఆయన మీరు అనకుండా మాట్లాడింది షాపులో తిరిగే ఎలుకతో మాత్రమే.

ఆ వేసవిలో దెందులూరు నుంచి నరసరాజు గారు వచ్చారు. ఆయనకి రెండు చేపల చెరువులున్నాయి. అంతకుముందు ఏడాది ముసురులో నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి ఒక చెరువంతా బొచ్చె చేపలు, శీలావతులు చచ్చి వెల్లకిలా తేలాయి.

‘‘ఆక్సిజన్ తగ్గగానే మా కాపలావాడి సెల్లుకి మెసేజీ వచ్చే యంత్రం కావాలండీ. చూడగానే వాడు ఇంజను వేసి చెరువులోకి కొత్త నీళ్ళు తోడతాడు. వానలు దిగేలోగా ఇవ్వాలి. ఈసారి చేప తేలిందంటే మాత్రం వాణ్ణి ఉంచనండీ.’’

పని మొదలుపెట్టాం. యంత్రంలో పెట్టే ఆర్మ్ ప్రాసెసర్ చిన్నది. ప్రోగ్రాము తయారు చేసుకునే శక్తి దానికి లేదు. మన బల్లమీది కంప్యూటర్లో, దానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, అందులోకి ఎక్కించాలి. దాన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు. మెసేజీలు పంపడానికి ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, అంటే లైబ్రరీ, ఒకటి దొరికింది. మొదటిరోజే కంపైలయింది. నా సెల్లుకి మెసేజీ వచ్చింది. నేను ఎగిరి గంతేశాను.

మర్నాడు జబ్బార్ గారు ఆక్సిజన్ కొలిచే పరికరం దింపడానికి చెరువుకి వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా, ‘‘మెసేజీ వద్దండీ. యంత్రం ఫోన్ చేసి తెలుగులో మాట్లాడాలి,’’ అన్నారు.

‘‘మెసేజీ పనిచేసింది కదండీ!’’

‘‘దాని కింద ఏముందో నాకు నమ్మకం కుదరలేదండీ.’’

నేను తల పట్టుకున్నాను. గొంతు వినిపించాలంటే ఒక ఆడియో లైబ్రరీ కావాలి. దాన్ని కంపైల్ చేయబోతే మరొకటి లేదని ఆగిపోయింది. ఆ మరొకటి ఇంకో రెండిటిని అడిగింది. ఇంటర్నెట్‌లో తయారుగా ఉన్నవి తెచ్చుకుందామన్నాను. ఆయన నావైపు చూసిన చూపుకి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గోడమీద ఒకదాని కింద ఒకటి పేర్లు రాస్తూ పోయారు. పదకొండు తేలాయి.

అన్నిటికన్నా అడుగున ఉన్నదాంతో మొదలుపెట్టి ఒక్కొక్కటే పైకి కట్టుకుంటూ వచ్చాం. ఆరోది చేస్తుంటే ‘ఫైలు రకం తప్పు’ అని కంప్యూటర్ మొరాయించింది. చూస్తే, నేను మూడోదాన్ని పొరపాటున బల్లమీది కంప్యూటర్ కోసమే కంపైల్ చేశాను. ఆయన కోప్పడలేదు. మూడు, నాలుగు, అయిదు కొట్టేసి, ‘‘మళ్ళీ వేద్దామండీ,’’ అన్నారు.

నరసరాజు గారు రోజూ ఫోన్. ‘‘మెసేజీ చాలన్నాను కదండీ!’’

‘‘అది ఈ ప్రాసెసర్ మీద నిలబడటం లేదండీ,’’ అనేవారు జబ్బార్ గారు. పక్కనే ఉన్న నాకు ఒళ్ళు మండేది.

‘‘విజయవాడ కంపెనీవాళ్ళు చిటికెలో చేస్తామంటున్నారండీ. మీకు చేతకాకపోతే చెప్పండి.’’

‘‘వారం రోజులు ఆగండి.’’

పదకొండూ అయ్యాయి. గౌసియా గారి గొంతు రికార్డు చేసి ఎక్కించాం. స్విచ్చి వేస్తే, ‘‘బూ...చ్చీ...’’ అని నూతిలోంచి మూలిగినట్టు వచ్చింది. గౌసియా గారు హడలిపోయారు. ‘‘అది నేను కాదండీ!’’ ఆ చిన్న ప్రాసెసర్‌కి దశాంశాల లెక్కలు నేరుగా చేసే ఏర్పాటు లేదు. తంటాలు పడి నెమ్మదిగా చేస్తోంది. జబ్బార్ గారు పూర్ణాంకాలతోనే పనిచేసే లైబ్రరీ వెతికి, పాతదాని స్థానంలో పెట్టి మళ్ళీ కట్టారు. ఈసారి గౌసియా గారు గౌసియా గారిలాగే పలికారు.

యంత్రం బిగించిన పదో రోజున ముసురు పట్టింది. తెల్లవారుజామున యంత్రం ఫోన్ చేసింది. కాపలా బుచ్చిబాబు పరుగెత్తి ఇంజను వేశాడు. మేం ఏడింటికి వెళ్ళేసరికి చచ్చి గట్టున పడివున్న చేపలు నాలుగంటే నాలుగు. నరసరాజు గారు జబ్బార్ గారి చెయ్యి పట్టుకుని, ‘‘లేటైతే అయింది గానీ, బాగా చేశారండీ,’’ అన్నారు. ఇద్దరూ రెండో చెరువు చూడటానికి వెళ్ళారు.

యంత్రం సరిగ్గా మోగిందో లేదో రాసుకుందామని, నేను బుచ్చిబాబుని సెల్లులో ఫోన్ వచ్చిన టైము చదవమన్నాను. అతను చూశాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

‘‘నాకు చదువు రాదండీ. పదో క్లాసని చెప్పి పనిలో చేరాను. రాజుగారికి చెప్పకండీ. జబ్బార్ గారు వచ్చిన రోజే కనిపెట్టేశారండీ. ఏదో కాగితమిచ్చి చదవమన్నారు, కళ్ళజోడు ఇంట్లో ఉందన్నాను. ఆయన నవ్వి, ‘పరవాలేదండీ, మేం వేరేలా చేస్తాం,’ అన్నారండీ.’’

నేనే సెల్లు తీసుకుని టైము రాసుకున్నాను. అతనే మళ్ళీ అన్నాడు: ‘‘ఆ అమ్మగారు భలే మర్యాదగా చెబుతారండీ. ‘బుచ్చిబాబు గారండీ, గాలి తగ్గిందండీ, ఇంజను వేయండి’ అని. నన్ను గారు అన్నది ఆవిడొక్కరేనండీ. నేనూ ‘అలాగేనండమ్మా’ అంటాను. అయితే ఆపమని ఎప్పుడూ చెప్పరేంటండీ? ఎప్పుడు ఆపాలో తెలీక ఇప్పటిదాకా ఇంజను పక్కనే కూర్చున్నాను.’’

తిరుగుదారిలో బస్సులో అడిగాను. ‘‘మెసేజీ మొదటిరోజే వచ్చింది కదండీ?’’

‘‘వచ్చిందాండీ? నేను గమనించలేదే,’’ అన్నారు జబ్బార్ గారు కిటికీలోంచి చూస్తూ. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడటం ఆయనకి బొత్తిగా అలవాటు లేదు.

షాపుకి రాగానే మైకు తీసుకుని గౌసియా గారి ముందు పెట్టాను. ‘‘ఇంకో మాట రికార్డు చేయాలండీ. గాలి సరిపోయిందండీ, ఇంజను ఆపేయండి, అనండి చాలు.’’

ఆవిడ గొంతు సవరించుకుని అంతా చెప్పారు. నేను ఆపబోయేలోగా, నేను రాసివ్వని మాట ఒకటి తనే కలిపారు.

‘‘ఇక వెళ్ళి టీ తాగండి, బుచ్చిబాబు గారూ.’’